ఇంటి లెక్కలోకి రాని బొగ్గు

దేశాల వారీ ఇంధన పట్టికలలో నిర్మాణ రంగానికి ప్రత్యేకంగా ఒక పద్దు ఉంటుంది. బొగ్గు, లిగ్నైట్ వంటి ఘన శిలాజ ఇంధనాల విషయంలో ఆ పద్దు కింద చాలా దేశాలకు కనిపించే అంకె అతి స్వల్పం. పునాది తవ్వే యంత్రాలు, కాంక్రీటు కలిపే మిక్సర్లు డీజిల్‌తోనో కరెంటుతోనో నడుస్తాయి కనుక ఆ అంకె తప్పు కాదు. కానీ సిమెంటు, ఇటుకలకు మండిన బొగ్గు ఖనిజ ఉత్పత్తుల పద్దులోకి, కడ్డీలకు మండినది ఉక్కు పద్దులోకి పోవడం వల్ల, ఇంటికోసం కాల్చిన బొగ్గు ఇంటి లెక్కలోకి రాదు.

చిత్తూరు జిల్లాలో కర్ణాటక సరిహద్దుకు చేరువగా ఉన్న బైరెడ్డిపల్లె వంటి ఊళ్లలో రాతి గోడకు బంకమట్టి పెట్టి కట్టిన పాత ఇళ్లకు నిప్పుతో పనిలేకపోయింది. ఇప్పటి మిద్దెకు సిమెంటు తప్పనిసరి. ఎర్రగుంట్ల, నంద్యాల ప్రాంతాల వంటి సున్నపురాతి నేలల్లో నెలకొన్న కర్మాగారాలు ఆ రాతిని మట్టితో కలిపి, తిరిగే కొలిమిలో సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చి, క్లింకర్ అనే గట్టి ఉండలుగా మార్చి, జిప్సంతో కలిపి పొడి చేస్తాయి. ఈ వేడికి ప్రధానంగా బొగ్గు, లేదా చమురు శుద్ధిలో మిగిలే పెట్‌కోక్ వాడతారు. అయితే క్లింకర్ తయారీలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 60 శాతం ఇంధనం నుంచి కాక, సున్నపురాయి విడిపోవడం వల్లనే పుడుతుంది. అంటే బొగ్గు మానినంత మాత్రాన సిమెంటు శుభ్రపడదు.

ఇటుక సంగతి వేరు, అక్కడ దోషమంతా దాదాపు నిప్పుదే. నాటు బట్టీలో ఎండిన పచ్చి ఇటుకలను వరుసలుగా పేర్చి, అడుగున కట్టెలు దూర్చే గూళ్లు వదిలి, వరుసల మధ్య బొగ్గు పొడో ఊకో చల్లి, పైన మట్టి మెత్తి అంటిస్తే రోజుల తరబడి కాలుతుంది; అంచుల నుంచి వేడి పోతూనే ఉండటం వల్ల బయటి ఇటుకలు సరిగా కాలక మిగులుతాయి, వాటికైన ఇంధనం వృథా అవుతుంది.

మళ్లీ సిమెంటు కొలిముల ఇంధనం వైపు చూస్తే, ప్రపంచ సిమెంటులో దాదాపు సగం తయారుచేసే చైనా, రెండో స్థానంలోని భారత్ ప్రధానంగా బొగ్గు మీదే ఆధారపడుతుండగా, జర్మనీ, ఆస్ట్రియాల కొలిములకు మూడింట రెండు వంతులకు పైగా వేడి వ్యర్థాల నుంచే అందుతోంది. ఆ వ్యర్థాలలోని ప్లాస్టిక్ కూడా శిలాజ ఇంధనం నుంచి వచ్చినదే కనుక ఆ ఘనతను కొంత తగ్గించి చూడటమే న్యాయం. ఇక ఇటుకల విషయానికి వస్తే, ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం వంటి చోట్ల మిగిలే బూడిదతో చేసే ఇటుకలను కాల్చనక్కరలేదు గాని, ఆ బూడిద కూడా బొగ్గు శేషమే.

ఇటుకల మధ్య గాలిని మలుపులు తిప్పి వేడిని నిలిపే జిగ్‌జాగ్ బట్టీ, పాత పొగగొట్టపు బట్టీ కంటే ఇంధనాన్ని సుమారు ఐదో వంతు ఆదా చేస్తుంది. 2022 ఫిబ్రవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఇటుక బట్టీలకు జిగ్‌జాగ్ పద్ధతినో, నిలువు బట్టీనో, ఇంధనంగా గొట్టపు సహజవాయువునో తప్పనిసరి చేసింది. నిబంధన అవసరమైనదే; కానీ జిగ్‌జాగ్‌కు శాశ్వత కట్టడం, పెట్టుబడి, ఏకధాటిగా ఇటుకలు పోసే కూలీలు కావాలి. మట్టి దొరికిన చోటికల్లా మారుతూ, ఒక్కో కాలుపుకు అప్పు తెచ్చుకునే చిన్న బట్టీదారుకు రుణం, సాంకేతిక సాయం అందించకుండా ఉత్తర్వు ఒక్కటే ఇస్తే, పాటించే దారి అతనికి ఉండదు.