మందులు మానెయ్యడమే విశ్వాసమా?



డిశ్చార్జి కాగితాలు సిద్ధం చేసి మందుల చీటీ చేతికిచ్చే వేళ రోగులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టరుగారూ, అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. ఒంట్లో తేలికగా ఉంది. ఇంకా ఈ మందులు మింగితే దేవుని మీద నమ్మకం లేనట్టు కాదా?" కొందరు ఇలా పైకి అడుగుతారు. కొందరు అడగకుండానే ఇంటికి వెళ్ళి మానేస్తారు. అలా మానినవారిలో కొందరిని కొన్ని నెలల తరువాత స్ట్రెచర్ మీద మళ్ళీ చూస్తాము. ఈ ప్రశ్న మనసులో ఉండీ అడగలేని వారి కోసమే ఈ నాలుగు మాటలు.

దేవుని మీద నమ్మకం ప్రతిదినం కొద్దికొద్దిగా ఎదిగేది. వేళకు ప్రార్థన, వేళకు వాక్యం, అప్పగించిన పనిలో నమ్మకత్వం, వీటితోనే శిష్యుడు ఎదుగుతాడు. డాక్టరుగారు చెప్పిన మందును చెప్పిన వేళకు వేసుకోవడం ఆ ఎదుగుదలకు అడ్డం కాదు. అది కూడా ఆ విధేయతలో ఒక భాగమే.

లేఖనాలు ఏమి చూపిస్తున్నాయి?

హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో పడి ఉన్నప్పుడు కన్నీళ్ళతో ప్రార్థించాడు. దేవుడు ఆలకించి, అతని ఆయుష్షుకు ఇంకా 15 సంవత్సరాలు కలుపుతానని యెషయా ద్వారా తెలియజేశాడు. వాగ్దానం వచ్చేసింది కదా, ఇక మందెందుకు అని మనం అనుకుంటాము. అయితే అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద కట్టమని చెప్పింది కూడా ఆ యెషయాయే. వాగ్దానం తెచ్చిన ప్రవక్త నోటి నుండే వైద్యం కూడా వచ్చింది.

పదిమంది కుష్ఠరోగులు యేసు ప్రభువును వేడుకున్నప్పుడు, వెళ్ళి యాజకులకు కనబరచుకోమని ఆయన చెప్పాడు. ఆ కాలంలో కుష్ఠు పోయిందో లేదో పరీక్షించి చెప్పవలసిన బాధ్యత యాజకులది. ప్రభువు బాగుచేసినవారు కూడా పరీక్షకు వెళ్ళారు. మరి మనం కళ్ళె పరీక్షకూ రక్త పరీక్షకూ ఎందుకు వెనుకాడాలి? దేవుడు అద్భుతం చేసి ఉంటే ఆ సంగతి రిపోర్టులో కూడా కనబడుతుంది. అప్పుడు మందు ఆపమని డాక్టరుగారే చెబుతారు.

దేవాలయ శిఖరం మీద నుండి దూకమని అపవాది శోధించినప్పుడు ప్రభువు దూకలేదు. తండ్రి మీద ఆయనకు నమ్మకం లేకనా? కాదు. దేవుణ్ణి నమ్మడం వేరు, ఆయనను పరీక్షకు పెట్టడం వేరు.

పైలట్ ఎక్కినా ఇంజను ఆగదు

మన విశాఖ వారికి ఇది చూస్తే తెలిసే సంగతి. 1933లో మన రేవు ప్రారంభమైంది. ఓడలు ఇన్నర్ హార్బరులోకి రావాలంటే డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఇరుకు దారిలోనుంచి రావాలి. అందుకని పోర్టు పైలట్ బయటే ఓడ ఎక్కి దారి చూపుతాడు. దారి ఎరిగినవాడు ఎక్కాడు కదా అని కెప్టెన్ ఇంజను కట్టెయ్యడు. పైలట్ మాట ప్రకారం ఇంజను నడిపిస్తాడు. అతన్ని నమ్మినట్టు గుర్తు అదే. మన జీవితపు ఓడకు దేవుడే దారి చూపేవాడు. మందులు, ఆహారం, విశ్రాంతి ఇంజను వంటివి.

మధ్యలో మానితే ఒంటిలో ఏమి జరుగుతుంది?

టి.బి.: మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకే జ్వరం, దగ్గు తగ్గుతాయి, ఆకలి వేస్తుంది. కాని క్రిములన్నీ చచ్చిపోవు. కొన్ని నిద్రపోతున్నట్టు లోపల దాగి ఉంటాయి. అందుకే మామూలు టి.బి.కి కోర్సు 6 నెలలు. మొదటి 2 నెలలు నాలుగు రకాల మందులు, తరువాత 4 నెలలు మూడు రకాలు. మధ్యలో మానితే మిగిలిన క్రిములు ఆ మందులకు లొంగకుండా తయారు కావచ్చు. ఆ మొండి టి.బి. ఇంట్లో పసిబిడ్డకూ, గుడిలో పక్కన కూర్చున్నవారికీ గాలి ద్వారా అంటవచ్చు. కాబట్టి కోర్సు పూర్తి చేయడం పొరుగువారిని ప్రేమించడం కూడా.

ఈ మందులతో మూత్రం నారింజ రంగులో వస్తుంది, భయపడవద్దు. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా వెంటనే ఆసుపత్రికి రండి. టి.బి. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. పోషకాహారం కోసం చికిత్స కాలంలో ఇచ్చే సహాయాన్ని 2024 నవంబరు నుండి నెలకు 1,000 రూపాయలకు పెంచారు.

బి.పి.: చాలామందికి ఏ నొప్పీ, ఏ గుర్తూ ఉండదు. మాత్ర మానినా మొదట ఏమీ తెలియదు. తెలిసేసరికి పక్షవాతమో గుండెపోటో కావచ్చు.

షుగరు: ముఖ్యంగా చిన్న వయసులో వచ్చే షుగరుకు ఇన్సులిన్ మానితే కొద్ది రోజులలోనే ప్రాణం మీదికి వస్తుంది.

మూర్ఛ: మందు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ విడవకుండా రావచ్చు. ఈ మందును డాక్టరుగారే మెల్లమెల్లగా తగ్గించాలి.

ఉపవాసం ఉండేవారికి

శ్రమల దినాలలోనూ, శుక్రవారపు ఉపవాస ప్రార్థనలలోనూ చాలామంది భోజనం మానుతారు. ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు అవి వేసుకుని తినకుండా ఉంటే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడడం దాని గుర్తులు. అలా అయితే వెంటనే 3 చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి. 15 నిమిషాలలో తేరుకోకపోతే మరల తాగి ఆసుపత్రికి రావాలి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు.

షుగరు ఉన్నవారు ఉపవాసానికి ముందే డాక్టరుగారితో మాట్లాడండి. గర్భిణులు, టి.బి. రోగులు, కిడ్నీ జబ్బు ఉన్నవారు భోజనం మానవద్దు. టీవీని, సెల్‌ఫోనును ఆ రోజుకు పక్కన పెట్టి ఆ సమయం ప్రార్థనకు ఇవ్వండి. అది కూడా ఉపవాసమే.

స్వస్థత ఆలస్యమైతే?

మంచం మీద ఉన్నవారిని "నీకు విశ్వాసం చాలలేదు" అని దయచేసి అనవద్దు. ఆ మాట సూది కంటే లోతుగా గుచ్చుకుంటుంది. రాత్రి డ్యూటీలో దీపాలు తగ్గించాక ఆ మాట తలచుకుని ఏడ్చేవారిని నర్సులు చూస్తారు. అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లు తీసివేయమని మూడుసార్లు వేడుకున్నాడు. అది పోలేదు, దానిని భరించే కృప దొరికింది. తన జతపనివాడైన త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి రావలసి వచ్చింది. వీరిది అల్పవిశ్వాసమని ఎవరంటారు? పౌలుకు ప్రియుడైన లూకా కూడా వైద్యుడే.

ఫలితం కనబడకముందే నమ్మకంగా పనిచేసినవారు మన ఊరి చరిత్రలోనూ ఉన్నారు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. ఒక్కొక్క మాటగా తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ సహాయంతో సువార్తలను తర్జుమా చేయసాగారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. అచ్చయిన ప్రతిని వారిద్దరిలో ఎవరూ చూడలేదు. అయినా వారు దినదినం చేసిన పని వృథా కాలేదు.

గుంటూరు చూడండి. డాక్టర్ అన్నా కుగ్లర్‌గారు 1883లో అక్కడికి వచ్చారు. స్త్రీల కోసం ఆసుపత్రి తెరిచేసరికి 1898 అయింది. ఆ 15 ఏళ్ళూ ఆమె ప్రార్థన చేస్తూనే రోగులను చూస్తూ వచ్చారు. 6 నెలల కోర్సు చాలా ఎక్కువని విసుగు వచ్చినప్పుడు వీరిని తలచుకోండి.

ఇంట్లో, సంఘంలో చేయదగినవి

1. మందుల డబ్బాను బైబిలు పక్కనే పెట్టండి. ప్రార్థన చేసి, వాక్యం చదివి, మాత్ర వేసుకోండి. ఒకదానిని చూస్తే రెండవది గుర్తుకు వస్తుంది.

2. గోడ మీది సంఘ క్యాలెండరులో ప్రతిరోజూ ఒక టిక్కు పెట్టండి. ఆ పని ఇంట్లో మనవరాలికి అప్పగిస్తే తాతగారు తప్పించుకోలేరు.

3. స్టీల్‌ప్లాంటులోనూ పోర్టులోనూ షిఫ్టులు మారేవారు ఏ షిఫ్టుకి ఏ వేళ మందు వేసుకోవాలో ముందే అడిగి రాయించుకోండి.

4. మందులు పడకపోతే మానెయ్యక, వచ్చి చెప్పండి. మార్చడానికి వేరే మందులు ఉంటాయి.

5. సంఘ పెద్దలకు మనవి. స్వస్థత సాక్ష్యం చెప్పేవారిని "డాక్టరుగారికి చూపించుకున్నారా?" అని ప్రేమతో అడగండి. నెలనెలా మందులకు తోడు వెళ్ళడానికి ఒక సహోదరుణ్ణో సహోదరినో ఏర్పాటు చేయండి. బస్సు చార్జీ లేక ఆగిపోయేవారు కూడా ఉన్నారు.

ప్రార్థన మానవద్దు, మందూ మానవద్దు. మీ ప్రశ్న ఏదైనా వార్డులో ఉన్న సిస్టరును సిగ్గుపడకుండా అడగండి. రేపటి మాత్రను రేపు వేసుకుందాము, రేపటి కృపను దేవుడు రేపు ఇస్తాడు. ఈ రోజుది మాత్రం ఈ రోజే వేసుకోండి.

దేవుడు మిమ్మును, మీ కుటుంబాలను దీవించి కాపాడును గాక. ఆమేన్.

– నర్సింగ్ సూపరింటెండెంట్