గ్రీకు పళ్లెంలో పాతదేది, కొత్తదేది?

ఏథెన్స్‌లో క్రీ.పూ. 5వ శతాబ్దపు పార్థెనాన్ ఆలయాన్ని చూసి వచ్చిన పర్యాటకుడు, ఆ సాయంత్రం తన ముందుకు వచ్చే వంటకాలు కూడా అంతటి ప్రాచీనమైనవేనని భావించడం సహజమే గాని, గ్రీసుకు గుర్తులుగా లోకమంతటా చెలామణి అయ్యే వాటిలో కొన్నింటి వయస్సు నూరేళ్లు మించదు. అసలైన ప్రాచీనత, విదేశీయులు అంతగా పట్టించుకోని ఉపవాస వంటలో కనిపిస్తుంది.

నిన్నమొన్నటి సంప్రదాయాలు

వంకాయలనూ ఖీమానూ పొరలుగా పేర్చి ఓవెన్‌లో కాల్చే ముసాకా ఇందుకు మంచి ఉదాహరణ. వంకాయను మాంసంతో కలిపి వండడం ఒట్టోమన్ సామ్రాజ్యపు ప్రాంతాలలో ఎప్పటినుంచో ఉన్నదే అయినా, దానిపై వెన్న, మైదా, పాలతో చేసే బెషమెల్ అనే ఫ్రెంచి సాస్‌ను పరిచే నేటి పద్ధతిని, సిఫ్నోస్ దీవికి చెందిన నికోలాస్ త్సెలెమెంతెస్ అనే వంట నిపుణుడు 1920లలో తన గ్రంథం ద్వారా వ్యాప్తిలోకి తెచ్చాడు. గ్రీకు సలాడ్‌కు ప్రాణమైన టమాటా అమెరికా ఖండాల పంట కాబట్టి, సోక్రటీసు కాలపువారు దాని రుచి ఎరుగరు. నురుగు తేలే చల్లని కాఫీ ఫ్రాపే 1957లో థెస్సలోనికి అంతర్జాతీయ ప్రదర్శనలో పుట్టింది. సంగీత కచేరీలలో పళ్లేలు పగలగొట్టే అలవాటును 1967–74 నాటి సైనిక ప్రభుత్వం నిషేధించగా, నేడు గాయకులపై పువ్వులు చల్లడమే ఎక్కువగా కనిపిస్తుంది.

గొర్రె పాలతో, లేదా అందులో 30 శాతం మించకుండా మేక పాలు కలిపి, ఉప్పునీటిలో కనీసం రెండు నెలలు మాగబెట్టే ఫెటా జున్ను సంగతి వేరు: గొర్రె, మేక పాల జున్ను హోమర్ ఒడిస్సీలోనే కనిపిస్తుంది గాని, ఫెటా అనే పేరు గ్రీసుకే చెందుతుందని ఐరోపా సమాఖ్య 2002లో గుర్తించింది.

ఉపవాసమే అసలు వారసత్వం

తెలుగు క్రైస్తవులు శ్రమదినాలనీ తపస్సుకాలమనీ పిలిచే ఈస్టర్ పూర్వపు నలభై రోజుల దీక్ష నాలుగో శతాబ్దం నాటికే స్థిరపడింది. ఆ దినాలలో గ్రీసులోని ఆర్థడాక్స్ క్రైస్తవులు మాంసం, గుడ్లు, పాలు, చేపలు విడిచిపెడతారు కాబట్టి, పప్పుధాన్యాలు, అడవి ఆకుకూరలు, ఆలివ్ నూనెల మీద ఆధారపడిన విస్తారమైన వంట అక్కడ పెంపొందింది. సిఫ్నోస్‌లో శనగలను ఉల్లిపాయలు, ఆలివ్ నూనెతో మట్టికుండలో వేసి, శనివారం సాయంత్రం కట్టెల పొయ్యిలోకి చేర్చి, రాత్రంతా మగ్గనిచ్చి ఆదివారం తింటారు. సాంటొరినీలో ఫావా అనే పసుపు పప్పును మన ముద్దపప్పులా చిక్కగా వండి, పైన ఆలివ్ నూనె, ఉల్లి ముక్కలు వేస్తారు. ఆ పప్పుగింజలు 3,500 ఏళ్లకు పూర్వం అగ్నిపర్వతపు బూడిద కింద కప్పబడిపోయిన అక్రొతిరి పట్టణపు తవ్వకాలలోనూ దొరికాయి.

ప్రయాణికులకు

తలను పైకి ఎగరవేసి కనుబొమలు పైకెత్తితే అక్కడ ‘కాదు’ అని అర్థం. అయిదు వేళ్లు విప్పి అరచేతిని ఎదుటివారి ముఖం వైపు చూపడం తీవ్రమైన అవమానం కాబట్టి, ‘అయిదు’ అని వేళ్లతో లెక్క చెప్పేటప్పుడు జాగ్రత్త అవసరం. శాకాహారులైన తెలుగువారు ఈస్టర్ ముందరి వారాలలో వెళ్తే భోజనానికి వెతుక్కోనక్కరలేదు. అయితే రొయ్యలు, ఆక్టోపస్ వంటివి ఉపవాసంలో నిషిద్ధం కావు కాబట్టి, ఉపవాస వంటకమన్నంత మాత్రాన నమ్మక, అందులో ఏమేమి ఉన్నాయో ముందుగా అడిగి తెలుసుకోవాలి.