అండం విడుదల కాని నెలలు

పెళ్ళయి ఏడాది తిరిగేసరికి "ఏమైనా విశేషమా?" అన్న ప్రశ్న మొదలవడం తెలుగు కుటుంబాలలో పరిపాటి. సముద్రాలు దాటి వచ్చిన దంపతులను సైతం ఆ ప్రశ్న ఫోనులో వెంటాడుతూనే ఉంటుంది. సమాధానం చెప్పుకోవలసినది ఎప్పుడూ కోడలే. నెలసరి సక్రమంగా రాని స్త్రీకి అది మరింత భారంగా తోస్తుంది. నలభై రోజులకో, అరవై రోజులకో, ఒక్కొక్కప్పుడు మూడు నెలలకో వచ్చే బహిష్టు ఆమెకు ఆశాభంగాన్ని కూడా ఆలస్యంగానే తెస్తుంది. తనలో అండాలే లేవేమోనని ఆమె మథనపడుతుంది. నిజానికి ఇటువంటి స్త్రీలలో అత్యధికులకు అండాలు కొరవడవు. కొరవడినది వాటిలో ఒకదానిని పక్వం చేసి విడుదల చేయించే సంకేతం.

ఆ సంకేతం అండాశయంలో పుట్టదు, మెదడులో పుడుతుంది. మెదడు అడుగుభాగాన బాదంగింజంత పరిమాణంలో ఉండే హైపోథలామస్ నుండి పది ఎమినో ఆమ్లాలు మాత్రమే గల ఒక చిన్న హార్మోను గంటకో, గంటన్నరకో ఒక స్పందనగా వెలువడుతుంది. దీని నిర్మాణాన్ని 1971లో వెల్లడించిన ఆండ్రూ షాలీ, అదే వేటలో ఆయనతో పోటీపడిన రోజర్ గిల్మన్ 1977 నోబెల్ బహుమతిని పంచుకున్నవారిలో ఉన్నారు. కొద్ది మిల్లీగ్రాముల పదార్థం కోసం ఒకరు పందుల మెదళ్ళను, మరొకరు గొర్రెల మెదళ్ళను లక్షల సంఖ్యలో నూరవలసి వచ్చింది. ఆ చిన్న హార్మోను ఆజ్ఞపై పీయూష గ్రంథి రెండు హార్మోనులను రక్తంలోకి విడుస్తుంది. ఒకటి అండాశయంలోని పుటికలను పెంచే ఎఫ్.ఎస్.హెచ్., రెండవది ఎల్.హెచ్. పెరుగుతున్న పుటిక ఈస్ట్రోజెన్‌ను తయారుచేస్తుంది. ఆ ఈస్ట్రోజెన్ మామూలుగా మెదడుకు కళ్ళెంలా పనిచేసి, "ఇక చాలు" అని చెబుతుంది. అయితే దాని పరిమాణం ఒక హద్దును దాటి దాదాపు రెండు రోజులు నిలిచినప్పుడు అదే కళ్ళెం కొరడాగా మారుతుంది. ఎల్.హెచ్. ఒక్కసారిగా ఉప్పొంగి, సుమారు 36 గంటలలో అండం వెలికి వస్తుంది. మిగిలిన పుటిక పసుపుపచ్చని కణజాలంగా మారి ప్రొజెస్టిరాన్‌ను స్రవిస్తుంది. గర్భం నిలవనప్పుడు సుమారు పద్నాలుగు రోజులకు ఆ స్రావం ఆగిపోయి బహిష్టు వస్తుంది. ఈ రెండవ భాగం దాదాపు స్థిరమైనది. కనుక నెలసరి అరవై రోజులకు సాగిందంటే ఆ ఆలస్యం సాధారణంగా మొదటి భాగానిదే: పుటిక పక్వం కోసం వేచి ఉన్నది, లేదా ఆ చక్రంలో అండం విడుదలే కాలేదు.

అండం విడుదల కాకపోవడానికి కారణాలు అనేకం. థైరాయిడ్ గ్రంథి మందగించడం, ప్రొలాక్టిన్ హార్మోను పెరగడం వంటివి రక్తపరీక్షలో తెలుస్తాయి. చికిత్స కూడా తేలికే. మరీ సన్నబడినవారిలోను, అతిగా వ్యాయామం చేసేవారిలోను హైపోథలామస్ తానే మౌనం వహిస్తుంది. నలభై ఏళ్ళలోపే అండాలు అడుగంటడం అరుదు గాని, అది పూర్తిగా వేరే సమస్య. వీటన్నిటికన్నా విస్తృతమైనది పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ అనే స్థితి.

1935లో షికాగో వైద్యులు స్టెయిన్, లెవెంథాల్‌లు ఏడుగురు స్త్రీలను పరిశీలించి దీనిని వర్ణించారు. అండాశయం నుండి ఒక ముక్కను కోసి తీసివేయగా ఏడుగురికీ నెలసరి తిరిగి వచ్చింది, ఇద్దరు గర్భవతులైనారు. పేరులో "సిస్టు" అన్న మాట ఉన్నందువల్ల ఎందరో స్త్రీలు కడుపులో గడ్డలున్నాయని భయపడుతుంటారు. ఈ పేరు చేసిన అపకారం ఇంతా అంతా కాదు. అల్ట్రాసౌండులో ముత్యాల సరంలా కనిపించేవి గడ్డలు కావు, సగం దారిలో ఆగిపోయిన పుటికలు. అంటే అండాలు లేకపోవడం కాదు, ఎన్నో బయలుదేరి ఏదీ గమ్యం చేరకపోవడం.

ఎందుకు ఆగిపోతాయి? ఈ స్త్రీలలో మెదడు స్పందనలు వేగంగా వెలువడుతాయి. ఎల్.హెచ్. పెరిగి, ఎఫ్.ఎస్.హెచ్. దానికి తగినంతగా ఉండదు. దేహం ఇన్సులిన్‌కు సరిగా స్పందించనందున రక్తంలో ఇన్సులిన్ అధికమై, అది అండాశయంచేత పురుష హార్మోనులను ఎక్కువగా తయారుచేయిస్తుంది. వాటిలో కొంత భాగం కొవ్వు కణాలలో ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. ఫలితంగా హెచ్చుతగ్గులు లేని ఒక నిలకడ ఈస్ట్రోజెన్ మెదడుకు నిత్యం "ఇక చాలు" అనే చెబుతూ ఉంటుంది. కళ్ళెం ఎన్నటికీ కొరడాగా మారదు. దక్షిణాసియా స్త్రీలలో ఇన్సులిన్‌కు స్పందన తగ్గడం చిన్న వయసులోనే, అంతగా లావు కానివారిలో కూడా కనిపిస్తుంది. భారతీయులకు శరీర భార సూచిక 25 కాక 23 నుండే అధిక బరువుగా పరిగణించడానికి ఇదొక కారణం. బరువు ఎక్కువగా ఉన్నవారిలో అయిదు నుండి పది శాతం తగ్గినంత మాత్రాన అండం విడుదల తిరిగి ఆరంభం కావడం కద్దు.

ఇక్కడ ఒక భ్రమను తొలగించుకోవడం అవసరం. నెలసరి రానప్పుడు ప్రొజెస్టిరాన్ తరహా మాత్రలు కొన్ని రోజులు వాడి ఆపితే రక్తస్రావం అవుతుంది. ప్రతి నెలా అట్లా తెప్పించుకుని "ఇప్పుడంతా సక్రమంగానే ఉంది" అనుకుంటూ ఏళ్ళు గడిపే దంపతులున్నారు. గర్భాశయపు పొర అతిగా పెరగకుండా ఆ మాత్ర కాపాడుతుంది, అది మంచిదే. కాని ఆ రక్తస్రావం అండం విడుదలైందనడానికి సాక్ష్యం కాదు. పరీక్షలలోనూ ఇటువంటి పొరపాటే జరుగుతుంటుంది. అండం విడుదలైనదీ లేనిదీ తేల్చడానికి 21వ రోజున ప్రొజెస్టిరాన్ పరీక్ష చేయిస్తారు. అది 28 రోజుల చక్రానికి పెట్టిన లెక్క. 35 రోజుల చక్రం గల స్త్రీకి ఆ పరీక్ష 28వ రోజున జరగాలి. లేకుంటే విడుదలైన అండాన్ని కూడా కాలేదని చెప్పే ప్రమాదం ఉంది. ఇంట్లో చూసుకునే ఎల్.హెచ్. పట్టీలు సైతం ఎల్.హెచ్. ఎప్పుడూ హెచ్చుగా ఉండే ఈ స్త్రీలను తప్పుదారి పట్టించగలవు.

ఇక మందుల సంగతి. రసాయన శాస్త్రానికి ఇదొక రసవత్తరమైన అధ్యాయం. 1956లో అమెరికాలోని సిన్సినాటి నగరంలో మెరెల్ సంస్థకు చెందిన ఫ్రాంక్ పాలోపొలి క్లోమిఫీన్ అనే పదార్థాన్ని సంశ్లేషించాడు. ఎలుకలలో అది సంతానాన్ని నిరోధించింది. గర్భనిరోధానికి పనికివస్తుందని అనుకున్న ఆ మందు స్త్రీలలో సరిగ్గా వ్యతిరేక ఫలితాన్ని ఇచ్చింది. దానితో అండం విడుదల అవుతున్నదని జార్జియా రాష్ట్రంలోని రాబర్ట్ గ్రీన్‌బ్లాట్ బృందం 1961లో ప్రకటించగా, 1967లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. క్లోమిఫీన్ అండాశయాన్ని నేరుగా తాకి పనిచేసేది కాదు. మెదడులో ఈస్ట్రోజెన్ కూర్చోవలసిన పీటపై తాను కూర్చుంటుంది. ఈస్ట్రోజెన్ లేదని భ్రమించిన మెదడు ఎఫ్.ఎస్.హెచ్.ను పంపుతుంది, పుటిక పెరుగుతుంది. చిక్కు ఏమంటే, ఆ మాత్రలో రెండు సాదృశ్యాలు కలిసి ఉంటాయి. అణుసూత్రం ఒక్కటే, అమరిక మాత్రం వేరు. 30 నుండి 50 శాతం వరకు ఉండే జుక్లోమిఫీన్ అనే రూపం దేహాన్ని వారాల తరబడి విడిచిపెట్టదు. క్లోమిఫీన్ గర్భాశయంలో కూడా ఈస్ట్రోజెన్‌ను అడ్డుకోవడంవల్ల కొందరిలో పొర పలుచబడుతుంది. అండం విడుదలైనా గర్భం నిలవని సందర్భాలకు ఇదొక కారణమని భావిస్తారు.

రెండవ మందు లెట్రజోల్ మార్గం వేరు. పందొమ్మిది కర్బన పరమాణువులు గల టెస్టోస్టిరాన్‌ను పద్దెనిమిది కర్బనాల ఎస్ట్రడయాల్‌గా మార్చేది అరోమటేజ్ అనే ఎంజైము. లెట్రజోల్‌లోని ట్రయజోల్ వలయపు నత్రజని పరమాణువు ఆ ఎంజైము నడిబొడ్డున ఉన్న ఇనుమును పట్టుకుని పని ఆపుతుంది. క్లోమిఫీన్ ఈస్ట్రోజెన్‌ను దాచిపెడితే, లెట్రజోల్ దాని తయారీనే తగ్గిస్తుంది. అర్ధాయువు సుమారు రెండు రోజులే కనుక, అయిదు రోజులు వాడి ఆపిన మందు అండం విడుదలయ్యే వేళకు చాలావరకు వెళ్ళిపోయి ఉంటుంది. రొమ్ము క్యాన్సరు కోసం పుట్టిన ఈ మందును టొరాంటోలో మిత్వల్లీ, కాస్పర్‌లు అండం విడుదలకు ప్రయోగించి 2001లో ఫలితాలను ప్రచురించారు.

2005లో ఒక కెనడా సమావేశంలో, లెట్రజోల్ వాడిన తల్లులకు పుట్టిన 150 మంది శిశువులలో అవకరాలు ఎక్కువన్న నివేదిక వెలువడి కలకలం రేగింది. పోల్చిన తీరే సరికాదని విమర్శలు వచ్చాయి. మరుసటి సంవత్సరం 911 మంది శిశువులపై ప్రచురితమైన పరిశీలనలో అవకరాలు లెట్రజోల్ బిడ్డలలో 2.4 శాతం, క్లోమిఫీన్ బిడ్డలలో 4.8 శాతంగా తేలాయి. అయినప్పటికీ భారత ప్రభుత్వం 2011లో సంతానలేమికి లెట్రజోల్ వాడకాన్ని నిషేధించింది. కొన్నేళ్ళ తరువాత ఆ నిషేధం తొలగింది. ఈలోగా 2014లో లెగ్రో బృందం పాలీసిస్టిక్ స్థితి గల 750 మంది స్త్రీలపై జరిపిన పరీక్ష ఈ వివాదాన్ని చాలావరకు తీర్చింది. అయిదు చక్రాల వరకు చికిత్స పొందినవారిలో లెట్రజోల్ వర్గంలో 27.5 శాతం, క్లోమిఫీన్ వర్గంలో 19.1 శాతం సజీవ శిశువులను ప్రసవించారు. ఈ స్థితికి మొదటి మందుగా లెట్రజోల్‌నే 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచించాయి. ఎందరో ఆశపెట్టుకున్న మధుమేహపు మందు మెట్‌ఫార్మిన్ ఒంటరిగా అంతటి ఫలితాన్ని ఇవ్వలేదు. 2007 నాటి పరీక్షలో దానితో ప్రసవించినవారు 7.2 శాతం, క్లోమిఫీన్‌తో 22.5 శాతం.

స్వదేశం నుండి వచ్చే సూట్‌కేసులలో ఊరగాయలతోపాటు మాత్రలు రావడం అందరికీ తెలిసినదే. ఈ రెండు మందులు ఆ కోవకు చెందినవి కావు. గర్భం లేదని నిర్ధారించుకున్న తరువాతే మొదలుపెట్టాలి. ఒకటికి మించి పుటికలు పక్వమైతే కవలలు కలిగే అవకాశమున్నందున అల్ట్రాసౌండు పర్యవేక్షణ మేలు. అంతకు ముందే భర్తకు వీర్యపరీక్ష జరగాలి. సంతానం కలగని జంటలలో కనీసం మూడింట ఒక వంతుకు లోపం పురుషునివైపు కూడా ఉంటుంది. ఒక్క సీసాతో, ఒక్క ఉదయంలో తేలిపోయే ఆ పరీక్షను మగవారు నెలల తరబడి వాయిదా వేస్తుండగా భార్య మాత్రలు మింగుతూ ఉండడం ఏ తర్కానికీ అందని విషయం. ముప్ఫై అయిదేళ్ళలోపువారు ఏడాది ప్రయత్నించాక, ఆ పై వయసువారు ఆరు నెలలకు వైద్యుని సంప్రదించాలన్నది సామాన్య సూత్రం. నెలసరి 21 రోజులకన్నా ముందుగా గాని, 35 రోజులకన్నా ఆలస్యంగా గాని వచ్చేవారు ఆ గడువు కోసం ఆగనక్కరలేదు.

ఈ స్త్రీలకు ప్రత్యేకించి చెప్పవలసినది మరొకటి ఉంది. గర్భధారణ జరిగిన నాలుగు వారాలలోనే శిశువు వెన్నెముకకు, మెదడుకు మూలమైన నాళం మూసుకుంటుంది. నెలసరి అరవై రోజులకు వచ్చే స్త్రీకి అప్పటికి గర్భమన్న అనుమానమే కలగదు. కనుక రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయత్నం మొదలుపెట్టక ముందునుండే వాడాలి. 1940లలో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆ ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.