రాకెట్ వెళ్లాక తుప్పు వంతు

“ఆదివారానికి రాకెట్ మీద ముఖచిత్ర కథనం కావాలి. నిప్పులు కక్కే ఫొటో రెడీగా ఉంది, గురువారంకల్లా రాసివ్వండి” అన్నారు ఎడిటర్‌గారు. నాకేమో పైకెళ్లే రాకెట్ కన్నా కింద మిగిలే ఇనుము మీదే మోజు. శ్రీహరికోట బస్సెక్కే తీరిక లేదు. ఉస్మానియా క్యాంపస్‌లో చెట్టు నీడన కూర్చుని, ప్రయోగ వేదికల ఉక్కుకు రంగు ఎలా వేయాలో నాసా రాసుకున్న 5008 నంబరు ప్రమాణపత్రం తెరిచాను. పెయింటు పత్రమే కదా అని తేలిగ్గా తీసుకుంటే, వదలబుద్ధి కాలేదు.

రంగు కన్నా ముందు తోముడు. ఇసుకలాంటి రజను ఒత్తిడితో చిమ్మి ఉక్కును దాదాపు తెల్లబడేదాకా గీకుతారు. మన సైట్లలో ‘ఎస్‌ఏ టూ అండ్ హాఫ్’ అంటే దాదాపు ఇదే. సుమారు 9 చదరపు అంగుళాల ముక్క ఏది చూసినా మరక 5 శాతం దాటకూడదు. ఆపైన జింకు సిలికేట్ ప్రైమర్. ఉక్కు బదులు జింకు తానే తుప్పుకు బలవుతుంది. ఇందులో ఇథైల్ సిలికేట్ రకం గట్టిపడాలంటే గాలిలోని తేమ కావాలి. అటు పులికాట్, ఇటు బంగాళాఖాతం ఉన్న శ్రీహరికోటలో తేమకేం కొదవ! అలాగని ఉక్కు మీద మంచు పట్టేంత చల్లదనంలో బ్రష్ పట్టకూడదు.

అసలు మలుపు ఇక్కడుంది. జింకు పూత మీద ఇంకో పూత వేయకపోతేనే ఎక్కువకాలం నిలుస్తుందని 1969లో మొదలెట్టిన పరీక్షల్లో నాసా తేల్చుకుంది. 1981లో స్పేస్ షటిల్ వచ్చి ఆ లెక్క తిరగేసింది. ఘన ఇంధనంలోని అమ్మోనియం పెర్క్లోరేట్ మండితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. అది నీటితో కలిస్తే ఆమ్లం. ఉప్పుగాలికి తట్టుకున్న జింకు ఆమ్లానికి కరిగిపోతుంది. దాంతో పైపూతలు, ప్రయోగం కాగానే వేదిక కడగడం తప్పలేదు. మన పీఎస్ఎల్వీ రాకెట్ మొదటి దశలో 138 టన్నులు, ఎల్‌వీఎం3 పక్క బూస్టర్లలో ఒక్కోదానిలో 200 టన్నులకు పైగా ఇదే తరహా ఇంధనం. శ్రీహరికోటకు శత్రువు సముద్రమొక్కటే కాదు, తను పంపే రాకెట్ కూడా.

ఇక శ్రీహరికోట చరిత్ర గబగబా: 1971 అక్టోబరు 9న అక్కడ తొలి రోహిణి రాకెట్ ఎగిరింది, 1993లో మొదటి వేదిక నుంచి పీఎస్ఎల్వీ, 2005లో రెండో వేదిక. పూతల సంగతికొస్తే, నేను కూర్చున్న క్యాంపస్ పక్కనే తార్నాకలో 1944లో పుట్టిన రసాయన ప్రయోగశాల 1989లో ఐఐసీటీ అయింది. పాలిమర్లు, పూతలు అక్కడి పరిశోధనల్లో పాతకాపులు.

పూతలను 35 డిగ్రీల వేడిలో, 5 శాతం ఉప్పునీటి పొగమంచు నిండిన పెట్టెలో ఉంచి పరీక్షించడం ఎక్కడైనా మామూలే. ఆ పెట్టెలో గంటల లెక్క మీద నాకు పెద్దగా నమ్మకం లేదు: ఎండ లేదు, ఆరడం లేదు, ఆమ్లం లేదు. నాసా కూడా 1966 నుంచి ఫ్లోరిడా ఒడ్డునే నమూనా పలకలు నిలబెట్టి చూస్తోంది.

బాక్సు: ఒక నట్టు

2006 మార్చి 24న పసిఫిక్‌లోని ఒమెలెక్ దీవి నుంచి లేచిన ఫాల్కన్ 1 రాకెట్ నిమిషం తిరక్కుండానే ఇంధనం కారి, మంటంటుకుని కూలింది. ఉప్పుగాలికి తుప్పుపట్టి చీలిన అల్యూమినియం నట్టే కారణమన్నారు. తర్వాత స్టెయిన్‌లెస్ నట్లు వాడారు.

బాక్సు: స్టెయిన్‌లెస్ అయితే?

షటిల్ వేదికల మీద 304 రకం స్టెయిన్‌లెస్ గొట్టాలకూ సూదిబెజ్జాలు పడ్డాయి. పైకి మెరుస్తూనే ఉంటాయి, లోపల గ్యాసు కారుతుంది. మాలిబ్డినం ఎక్కువున్న ఖరీదైన రకాలు మేలని పరీక్షల్లో తేలింది. కొనేటప్పుడు స్టెయిన్‌లెస్ అన్న మాట చాలదు, గ్రేడ్ అడగాలి.