కోడ్ కనిపిస్తోంది సరే, మరి అవతలి వైపు?

డ్రైవర్ ఓపెన్ సోర్స్ అనగానే అంతా తెలిసిపోయినట్టేనా? కాదండీ.

ఒకే కంప్యూటర్‌లో ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నడిపించేదే హైపర్‌వైజర్. లోపలున్న లినక్స్‌కి గ్రాఫిక్స్ కార్డు కావాలంటే, డ్రైవర్ బయటి సిస్టమ్‌కి మెసేజ్ పంపడం ఒక పద్ధతి. 2020 మేలో మైక్రోసాఫ్ట్ అలాంటి డ్రైవర్‌నే లినక్స్ కెర్నెల్ రివ్యూకి పంపింది. డ్రైవర్ కోడ్ ఓపెన్. కానీ దాన్ని వాడే డైరెక్ట్‌ఎక్స్ లైబ్రరీలూ, మెసేజ్ అందుకునే విండోస్ వైపూ క్లోజ్డ్. గ్రాఫిక్స్ డెవలపర్లు అక్కడే అభ్యంతరం చెప్పారు. డ్రైవర్‌ని వాడే సాఫ్ట్‌వేర్ కూడా ఓపెన్‌గా ఉండాలన్నది వాళ్ల రూల్.

ఎందుకంత పట్టుదల? "ఈ నంబర్ పంపు" అని కోడ్‌లో ఉంటుంది. అవతల దాంతో ఏం జరుగుతుందో ఎక్కడా రాసి లేకపోతే, అది కరెక్టో కాదో ఎలా తేలుస్తారు? రేపు బగ్ వస్తే ఎవరు సరిచేస్తారు?

అందుకే కోడ్ ఉందా అని మాత్రమే కాదు, అది ఎవరితో మాట్లాడుతోందో కూడా అడగండి.