రెండు ధరలు, ఒక గీత

వరిధాన్యం సాధారణ రకానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 2017-18లో క్వింటాలుకు రు. 1,550. మరుసటి ఏడు రు. 1,750. ఈ రెంటినీ కలిపి గీత గీస్తే ఏటా రు. 200 తేజీ కనిపిస్తుంది. అదే వాలున 2019-20కి రు. 1,950 రావాలి. వచ్చింది రు. 1,815. క్వింటాలుకు రు. 135 తేడా! ఆ గీతను నమ్మి సరుకు పట్టి ఉంచితే వంద క్వింటాళ్లకు రు. 13,500 అంచనా తప్పినట్టే.

గణితంలో లోపం లేదు. రెండు బిందువుల గుండా పోయే సరళరేఖ ఒక్కటే. ధరల తేడాను ఏళ్ల తేడాతో భాగిస్తే వాలు వస్తుంది. దాన్ని గడచిన ఏళ్లతో హెచ్చవేసి మొదటి ధరకు కలపాలి, అంతే. చిక్కంతా బిందువుల ఎంపికలో ఉంది. సాగు ఖర్చుకు ఒకటిన్నర రెట్లు మద్దతు ధర ఇస్తామని 2018 బడ్జెట్టులో ప్రకటించారు. ఆ ఏటి పెంపు దాని ఫలితం, ఏటా వచ్చేది కాదు.

అప్పటికి చేతిలో ఉన్న ధరల్లోనే కాస్త వెనక్కి, 2014-15 నాటి రు. 1,360కి పోతే సరిపోయేది. నాలుగేళ్లకు రు. 390, ఏడాదికి రు. 97.50. సమీకరణం: ధర = 1,360 + 97.50 × ఏళ్లు. 2019-20కి రు. 1,847.50 వస్తుంది, తేడా రు. 32.50 మాత్రమే. 2024-25కి గీత రు. 2,335 చూపగా ప్రకటించినది రు. 2,300. మరుసటి ఏడు గీత రు. 2,432.50 అంటే ప్రకటన రు. 2,369 దగ్గర ఆగింది. గీత ముందుకు సాగిన కొద్దీ తేడా మళ్లీ పెరుగుతున్నది.