అలారం తీసేశాక ల్యాండ్‌లైన్ మూగబోయిందా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోవచ్చు

కావలి: ఎప్పుడో పెట్టించిన దొంగల అలారం పాతబడింది. బ్యాటరీ ఉబ్బింది, అర్ధరాత్రి ఊరికే సైరన్ మోగుతోంది. విసుగొచ్చి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పెట్టె మొత్తం పీకించేశారు. సాయంత్రం చూస్తే ల్యాండ్‌లైన్‌లో డయల్ టోన్ లేదు. కువైట్ నుంచి కొడుకు ఫోన్ చేస్తే అతనికి రింగ్ వినిపిస్తోంది, ఇక్కడ ఫోను మాత్రం మోగడం లేదు. అమ్మీ ఎందుకు ఎత్తడం లేదోనని అక్కడ అతనికి కంగారు. ఫిర్యాదు చేస్తే లైన్‌మన్ వచ్చి "ఇంటిదాకా లైను బాగానే ఉంది, లోపం లోపలే" అంటాడు. ఎలక్ట్రీషియన్‌ను అడిగితే "నేను ఫోను వైరు ముట్టుకోలేదు" అంటాడు.

పాత అలారం తీయించిన ఏ ఇంట్లోనైనా ఇలా జరగొచ్చు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఇంటిదాకా లైను నిజంగానే బాగుంది. ఫోను వైరును కావాలని ఎవరూ తెంచలేదు. కానీ అలారం పెట్టె కూడా ఫోను లైనులో ఒక భాగమేనన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు. గొలుసు మధ్యలోంచి ఒక లంకె తీసేస్తే గొలుసు రెండు ముక్కలవుతుంది. ఇక్కడ జరిగింది అదే.

అలారం పెట్టెకు ఫోను లైనుతో ఏం పని?

పాత అలారాల్లో ఆటో డయలర్ ఉంటుంది. తలుపు సెన్సర్ కదిలితే సైరన్ మోగడంతో పాటు, ముందుగా నింపి పెట్టిన నంబర్లకు ల్యాండ్‌లైన్ ద్వారా అదే ఫోన్ చేస్తుంది. దొంగ లోపలికొచ్చి ఒక గదిలో రిసీవర్ ఎత్తి పక్కన పెడితే లైను బిజీ అయిపోతుంది, అలారం ఫోన్ చేయలేదు. అందుకే బయటి నుంచి వచ్చే లైనును ముందు అలారం పెట్టెలోకి తెచ్చి, అక్కడి నుంచి ఇంటి ఫోన్లకు పంపుతారు. అవసరమైనప్పుడు పెట్టె ఇంటి ఫోన్లను తప్పించి లైను తన చేతిలోకి తీసుకుంటుంది.

కాబట్టి పెట్టెలో ఫోనుకు సంబంధించి నాలుగు స్క్రూలు ఉంటాయి. రెండింటి దగ్గర 'లైన్' అని, మిగతా రెండింటి దగ్గర 'ఫోన్' లేదా 'సెట్' అని రాసి ఉంటుంది. 'లైన్' వైపు బయటి నుంచి వచ్చే జత, 'ఫోన్' వైపు గదుల్లోకి వెళ్లే జత.

అమెరికాలో దీనికోసం 'ఆర్‌జే 31 ఎక్స్' అనే ప్రత్యేక సాకెట్ వాడతారు. ప్లగ్ పీకేస్తే సాకెట్‌లోని చిన్న రేకులు రెండు జతలనూ వాటంతట అవే కలిపేస్తాయి. మన దగ్గర చాలాచోట్ల వైర్లను నేరుగా స్క్రూలకే బిగిస్తారు. పెట్టె తీస్తే కలిపేవాళ్లు ఎవరూ ఉండరు.

"అలారం ఆపేసి ఏడాదైంది, అన్నాళ్లూ ఫోను పనిచేసింది కదా" అని కొందరికి అనుమానం రావొచ్చు. పెట్టెకు కరెంటు లేకపోయినా లోపలి రిలే సాధారణంగా లైనును ఇంటి ఫోన్లకు కలిపే ఉంచుతుంది. అందుకే పెట్టె చచ్చినా ఫోను బతికింది. పెట్టె గోడ దిగాకే అసలు సమస్య మొదలైంది.

ఫోన్ చేసినవాళ్లకు ఏం వినిపిస్తోంది?

డబ్బు ఖర్చు పెట్టేముందు ఒక పని చేయాలి. మొబైల్ నుంచి సొంత ల్యాండ్‌లైన్‌కే ఫోన్ చేసి వినాలి. సగం జబ్బు ఇక్కడే తెలిసిపోతుంది.

• రింగ్ వినిపిస్తోంది, ఇంట్లో మోగడం లేదు, డయల్ టోన్ కూడా లేదు: లైను ఎక్కడో తెగి ఉంది. అలారం తీశాక ఎక్కువగా అనుమానించాల్సింది ఇదే.

• ఎప్పుడు చేసినా బిజీ వస్తోంది: రెండు వైర్లు ఎక్కడో ఒకదానికొకటి తగులుతున్నాయి. ఎవరో రిసీవర్ ఎత్తి ఉంచారని ఎక్స్‌ఛేంజి అనుకుంటోంది. గోడలోంచి బయటికొచ్చిన వైరు చివర్లు ముందు చూడాలి.

• ఫోను పనిచేస్తోంది, కానీ గరగర శబ్దం: జాయింటు వదులైంది, లేదా చెమ్మ చేరింది.

• ఒక్క గదిలోనే రావడం లేదు: మెయిన్ లైను బాగుంది, ఆ గదికి వెళ్లే వైరులోనే లోపం.

పని మొదలుపెట్టేముందు జాగ్రత్త

ఫోను వైరులో షాక్ ఉండదనే మాట పూర్తిగా నిజం కాదు. ఫోను పెట్టేసి ఉన్నప్పుడు లైనులో సుమారు 48 వోల్టుల డీసీ ఉంటుంది. రిసీవర్ ఎత్తగానే అది పది వోల్టుల దగ్గరికి పడిపోతుంది. రింగ్ వచ్చేటప్పుడు మాత్రం సుమారు 75 వోల్టుల ఏసీ వస్తుంది. వైరు చేత్తో పట్టుకుని ఉండగా ఎవరైనా ఫోన్ చేస్తే గట్టిగానే జివ్వుమంటుంది. తడి చేతులతో, ఉరుములు మెరుపులు ఉన్న రోజు ఈ పని చేయకూడదు.

అలారం పెట్టెలోకి 230 వోల్టుల ఇంటి కరెంటు కూడా వస్తుంది. ముందు ఆ లైను ఎంసీబీ దించాలి, తర్వాత 12 వోల్టుల బ్యాటరీ వైర్లు ఊడదీయాలి. ఆ బ్యాటరీలో సీసం, ఆమ్లం ఉంటాయి. చెత్తకుప్పలో వేయకుండా బ్యాటరీల షాపులో ఇవ్వాలి. కరెంటు వైరు చివర్లు గోడలో మిగిలిపోతే వాటి సంగతి ఎలక్ట్రీషియనే చూడాలి, ఇంట్లోవాళ్లు ముట్టుకోకూడదు.

లోపం వెతికే వరుస

మొదటి మెట్టు: లైను ఇంట్లోకి వచ్చే తొలి చోటికి వెళ్లాలి. స్తంభం మీది డీపీ బాక్సు నుంచి నల్లటి డ్రాప్ వైరు వచ్చి వరండాలోనో, కిటికీ పక్కనో చిన్న రోజెట్ బాక్సులో ముగుస్తుంది. అక్కడ లోపలికి వెళ్లే వైర్లు తాత్కాలికంగా విప్పి, పనిచేసే ఫోను ఒకటి నేరుగా తగిలించాలి. డయల్ టోన్ రాకపోతే లోపం బయట ఉంది, ఫిర్యాదు నమోదు చేసి నంబరు రాసుకోవాలి. డయల్ టోన్ వస్తే లోపం ఇంట్లోనే, లైన్‌మన్ కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. డీపీ బాక్సు, స్తంభం కంపెనీవి. వాటిని మాత్రం తెరవకూడదు.

రెండో మెట్టు: అలారం పెట్టె ఉన్న చోట మిగిలిన వైర్లు చూడాలి. అక్కడ ఒక కట్టే ఉంటుంది. తలుపు సెన్సర్లవి, సైరన్‌వి, కీప్యాడ్‌వి, వాటి మధ్య ఫోనువి. రంగులు నమ్మి కలపకూడదు. ఆ రోజు వైరింగ్ చేసినవాళ్ల దగ్గర ఏ కేబుల్ ఉంటే అదే వాడి ఉంటారు. మల్టీమీటర్‌ను డీసీ 200 వోల్టుల దగ్గర పెట్టి జతలవారీగా చూడాలి. సుమారు 48 వోల్టులు చూపించే జతే బయటి నుంచి వస్తున్న లైను. మీటర్‌లో మైనస్ గుర్తు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, ముల్లులు అటూ ఇటూ అయ్యాయని అర్థం.

మూడో మెట్టు: గదుల్లోకి వెళ్లే జతను గుర్తుపట్టాలి. గదిలో ఫోను ప్లగ్ పెట్టి రిసీవర్ ఎత్తి ఉంచి, ఒక్కో జతను బయటి లైనుకు తాకించి చూస్తే డయల్ టోన్ వచ్చేది అదే. ఏ జతకూ సొంతంగా కరెంటు లేదని మీటర్‌తో చూశాకే తాకించాలి. ఫోను లైనును సైరన్ వైరుకో, 12 వోల్టుల వైరుకో కలపకూడదు.

నాలుగో మెట్టు: వచ్చే జతలో ఒక వైరును వెళ్లే జతలో ఒక వైరుకు, రెండోదాన్ని రెండోదానికి కలపాలి. వచ్చే రెండింటినీ ఒకదానికొకటి కలిపితే లైను షార్టయి ఎప్పుడూ బిజీ వస్తుంది. మామూలు ఫోన్లకు ఏది ఏదానికి కలిసినా ఇబ్బంది ఉండదు. మెలిపెట్టి టేపు చుట్టడం కంటే లైన్‌మన్లు వాడే జెల్లీ కనెక్టర్లు మేలు.

ఐదో మెట్టు: కలిపాక కూడా బిజీ వస్తుంటే ఇంట్లోని ఫోన్లు, మోడెం అన్నీ ప్లగ్ తీసేయాలి. తర్వాత ఒక్కొక్కటే పెడుతూ చూడాలి. ఏది పెట్టగానే లైను చచ్చిపోతుందో దోషం దానిదే. ఏదీ పెట్టకుండానే బిజీ వస్తుంటే గోడలోని వైరే షార్టయింది. అలారం దగ్గర జాయింటు విప్పి లోపలి భాగాన్ని వేరు చేస్తే షార్టు ఏ సగంలో ఉందో తెలుస్తుంది. ఆ సగాన్ని మళ్లీ సగం చేసుకుంటూ పోతే గోడ పగలగొట్టకుండానే చోటు దొరుకుతుంది.

సముద్రపు గాలి సంగతి

కావలి ఇళ్లకు ఇంకో చిక్కుంది. సముద్రం దగ్గర కాబట్టి గాలిలో ఉప్పు, చెమ్మ ఎక్కువ. ఏళ్ల తరబడి పెట్టెలో కదలకుండా ఉన్న రాగి చివర్లకు ఆకుపచ్చ చిలుము పడుతుంది. చూడటానికి కలిసినట్టే ఉంటాయి, మాటలో మాత్రం గరగర. చిలుము గీకి సరిపెట్టొద్దు. ఆ ముక్క కత్తిరించి, తొడుగు వలిచి, మెరిసే రాగి కనిపించాకే కలపాలి. వాన పడినప్పుడే ఫోను పాడవుతుంటే ముందు అనుమానించాల్సింది గోడ బయటి జాయింట్లనే.

నెట్ ఆగిపోతే

అదే రాగి వైరు మీద బ్రాడ్‌బ్యాండ్ ఉన్న ఇళ్లలో ఇంకో తేడా రావొచ్చు. మాట, నెట్ ఒకే వైరులో వేర్వేరు ఫ్రీక్వెన్సీల్లో నడుస్తాయి. రెండింటినీ విడదీసేది స్ప్లిటర్. అలారానికి వేరే ఫిల్టర్ పెట్టి ఉంటే అది పాత పెట్టె వెనకే ఉండిపోవచ్చు. మోడెం దాని తర్వాతి వైపు కలిస్తే ఫోను వస్తుంది, నెట్ రాదు. లైను ఇంట్లోకి వచ్చిన చోటే స్ప్లిటర్ పెట్టి, అక్కడి నుంచి మోడెంకు నేరుగా ఒక వైరు, ఫోన్లకు ఒక వైరు ఇస్తే చిక్కు ఉండదు.

ఫైబర్‌కు మారినవాళ్లు

ఇప్పుడు చాలా ల్యాండ్‌లైన్లు ఫైబర్ మీదకు మారుతున్నాయి. అప్పుడు డయల్ టోన్ స్తంభం నుంచి రాదు, ఇంట్లో పెట్టిన ఫైబర్ మోడెం వెనకున్న ఫోను సాకెట్ నుంచి వస్తుంది. పాత గది వైరింగ్‌ను దానికి కలుపుకోవచ్చు. అయితే బయటి రాగి డ్రాప్ వైరును ముందు పూర్తిగా విడదీయాలి. రెండు వైపుల నుంచి లైను కలిస్తే మోడెం పాడయ్యే ప్రమాదం ఉంది.

పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లు ఇంకొకటి గమనించాలి. రాగి లైనుకు కరెంటు ఎక్స్‌ఛేంజిలోని బ్యాటరీల నుంచి వస్తుంది. అందుకే తుఫాను రోజున ఇంట్లో కరెంటు పోయినా మామూలు వైరు ఫోను పనిచేసేది. ఫైబర్ మోడెంకు ఇంటి కరెంటే దిక్కు. దానికి చిన్న యూపీఎస్ పెట్టకపోతే కరెంటుతో పాటు ఫోనూ పోతుంది.

అలారం ఉంచుకుందామనుకునేవాళ్లకు

పాత అలారం ఇంకా గోడ మీదే ఉన్న ఇళ్లూ షాపులూ ఒక విషయం వెంటనే చూసుకోవాలి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేయాలంటే నంబరు ముందు సున్నా తప్పనిసరి. అంతకుముందు ఆటో డయలర్‌లో సున్నా లేకుండా పది అంకెలే నింపి, ఆ తర్వాత మార్చకపోతే, దొంగ పడినా ఆ ఫోను వెళ్లదు. సైరన్ మోగుతుంది కాబట్టి అలారం బాగానే ఉందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. పగటి పూట ఒకసారి కావాలనే మోగించి, మొబైల్‌కు ఫోన్ వస్తుందో లేదో చూడటమే సరైన పరీక్ష. సిమ్ కార్డుతో నడిచే కొత్త అలారం పెట్టుకుంటే ల్యాండ్‌లైన్‌తో పని లేదు, కానీ ఆ సిమ్‌కు రీచార్జ్ అయిపోకుండా చూసుకోవాలి.

ఖర్చు లెక్క

మోగని ఫోనుకూ నెలనెలా అద్దె, దానిపై 18 శాతం జీఎస్టీ కడుతూనే ఉంటాం. అలారం తీయించేవాళ్లు బేరం మాట్లాడేటప్పుడే "పెట్టె తీయడం, ఫోను లైను కలిపి డయల్ టోన్ చూపించడం రెండూ కలిపి ఇంత" అని ఒకే మాట తీసుకోవడం మంచిది. లేదంటే ఒకే పనికి రెండుసార్లు కూలి ఇవ్వాల్సి వస్తుంది.

పెట్టె విప్పేముందు లోపలి వైర్లన్నీ కనిపించేలా మొబైల్‌తో రెండు ఫొటోలు తీయాలి. 'లైన్', 'ఫోన్' స్క్రూల వైర్లకు టేపు ముక్క అంటించి పేరు రాయాలి. పని అయ్యాక మనిషిని పంపేముందే ప్రతి గదిలో డయల్ టోన్ విని, ల్యాండ్‌లైన్ నుంచి సున్నాతో మొబైల్‌కు ఒకసారి, మొబైల్ నుంచి 08626 కోడ్‌తో ల్యాండ్‌లైన్‌కు ఒకసారి చేసి చూడాలి. రెండు వైపులా మాట స్పష్టంగా వినిపించాకే డబ్బులు చేతిలో పెట్టండి.